ఎనిమిదింటి మాత్ర

పరీక్షా? నాకా? ఇప్పుడా?

పొద్దున్నే వచ్చి రక్తం ఇచ్చాను. డబ్బాలో ఉచ్చ పట్టిచ్చాను. బరువు తూచారు, చెయ్యి పిండి బీపీ చూశారు. ఇంకా వీళ్లకి నాలో చూడాల్సిందేం మిగిలిందా అనుకున్నాను. తలకాయ మిగిలిందన్నమాట. సరే, దాన్నీ చూసెయ్యండి. ఓ పనైపోతుంది.

కూర్చోమంటావా? ఈ కుర్చీకి ఒక కాలు పొట్టి, చూసుకున్నావా? కింద ఓ గుడ్డముక్క మడిచి పెడితే సరిపోయేదానికి, పొద్దున్నుంచీ అందర్నీ ఊగిస్తున్నావు. ఆగు, నా సంచిలో ఉంటుంది. టైలరు సంచిలో గుడ్డముక్కలకి కరువా. ఇదిగో. హమ్మయ్య. ఇప్పుడు అడుగు.

బయట నర్సు నిన్ను మేడం అనమంది. మందుల మేడం వచ్చింది, కిడ్నీ మార్పించుకున్నవాళ్లని ఒక్కొక్కర్నే లోపలికి పిలుస్తుంది, మీరు మింగే మందుల గురించి మీకెంత తెలుసో అడిగి మార్కులు వేస్తుంది అంది. నాకు కూతురుంటే నీ ఈడుదే అయ్యుండేది. అమ్మాయ్ అంటాను, ఏమనుకోకు. అనుకున్నా ఏం చెయ్యలేవు, నా నోరు అంతే.

సరే గానీ, ముందో మాట చెప్పు. ఈ మార్కులు కాగితం మీద ఇస్తావా? సంతకం పెట్టి? నాకు కావాలి. బయట బెంచీ చివర సంచి ఒళ్లో పెట్టుకుని, మాటిమాటికీ చేతి గడియారం చూసుకుంటూ ఒకావిడ కూర్చునుంది, చూశావా? మా వదిన. మా ఆయనకి అక్క. నా పొట్టలో ఉన్న కిడ్నీ ఆవిడదే.

అవును, ఇచ్చింది. మా ఆయన ఇస్తానని ముందుకొచ్చాడు గానీ ఆయనది కుదరలేదు. మా ఇద్దరికీ ఏది కుదిరింది గనక. ఆవిడది కుదిరింది. చేతులెత్తి దణ్ణం పెట్టాలి. పెట్టాను కూడా. కానీ అమ్మాయ్, కిడ్నీ ఇచ్చింది గానీ దాని మీద పెత్తనం మాత్రం తన దగ్గరే ఉంచుకుంది.

నేను కాస్త కారం తింటే "నా కిడ్నీకి పడదు" అంటుంది. నీళ్ల బకెట్ ఎత్తితే "నా కిడ్నీ నలుగుతుంది" అంటుంది. మొన్న మా ఆయనా నేనూ మాటామాటా అనుకుంటుంటే మధ్యలో దూరి నా వైపు మాట్లాడింది.  ఇన్నేళ్లలో తమ్ముణ్ణి కాదని నన్ను వెనకేసుకురావడం అదే మొదలు. తర్వాత తెలిసింది, వెనకేసుకొచ్చింది నన్ను కాదు, కిడ్నీని.

ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అన్నారా? ఈవిడకి బయటుండి చేసే పెత్తనం చాలక లోపలికే వచ్చి కూర్చుంది.

నవ్వుతున్నావ్. నవ్వు, నవ్వు. నీకేం.

ఇప్పుడేమైందంటే, కొన్ని నెలలుగా నా క్రియాటినిన్, అదే, కిడ్నీ చెడేకొద్దీ రక్తంలో పెరిగేది, పైకి పాకుతోంది. మెల్లిగా, గోడ మీద చెమ్మ పాకినట్టు. అంతకుముందే ఓసారి డాక్టరుగారు రక్తంలో మందు ఎంతుందో చూశారు. ఎక్కువుందన్నారు. మందెక్కువైనా కిడ్నీకి దెబ్బేనట. తగ్గించారు. మళ్లీ చూశారు, ఇంకా ఎక్కువే. మళ్లీ తగ్గించారు. క్రియాటినిన్ మాత్రం దిగలేదు, ఎక్కుతూనే ఉంది. పోయినసారి ఆయన ఫైల్లోంచి తలెత్తి, ఈవిడ రోజూ మాత్రలు సరిగ్గా వేసుకుంటోందా, లేక మిగతా రోజులు ఎగ్గొట్టి పరీక్షకి ముందు అన్నీ కలిపి మింగి వస్తోందా అని అడిగారు. నన్ను కాదు. మా వదినని.

ఇంకేముంది. కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టయింది. చుట్టాలందరికీ ఫోన్లు. నా కిడ్నీ పాడుచేస్తోంది, మాత్రలు ఎగ్గొడుతోంది, ఇచ్చినందుకు నాకిదీ దక్కింది అని. వచ్చే వారం సూది గుచ్చి కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూస్తారట. ఆ ముక్క కూడా తనకే ఇచ్చెయ్యమంటుందేమో.

ఒక్క మాత్ర ఎగ్గొట్టలేదు అమ్మాయ్, ఒట్టు. కిడ్నీ పోతే మళ్లీ ఆ డయాలసిస్ మిషను పక్కన మంచమెక్కాలని నాకు తెలియదా? వారానికి మూడు రోజులు గొట్టాలకి కట్టేసిన మనిషిని నేను. మళ్లీ అక్కడికి వెళ్లే ఓపిక నాకు లేదు. అందుకే నీ కాగితం కావాలి. ఆవిడ మొహాన కొట్టడానికి.

సరే, అడుగు.

ఏమిటీ? మళ్లీ చదువు. "వ్యాధి నిరోధక శక్తిని అణచివేయు ఔషధముల నామధేయములను తెలుపుము." ఇదెవరు రాశారమ్మా? ఆ రాసినాయన దాహమేస్తే పెళ్లాన్ని "జలము నొసంగుము" అని అడుగుతాడా?

టాక్రోలిమస్, మైకోఫెనొలేట్, ప్రెడ్నిసొలోన్.

ఏం, అలా చూస్తావ్? నోరు తిరగదనుకున్నావా? రాసుకో. నిజం చెప్పాలంటే మేమెవరం వాటిని పేరు పెట్టి పిలవం. రంగు పెట్టి పిలుచుకుంటాం. మధ్యలో మందుల కౌంటరులో మాత్రల కంపెనీ మార్చారు, రంగు మారిపోయింది. బయట గోడలు కట్టే మేస్త్రి ఒకాయన ఉన్నాడు చూడు, తన మాత్ర మార్చేసి వేరేవాళ్లది ఇచ్చారని ఆ రోజు కౌంటరు అద్దం గుద్దేశాడు. అప్పట్నుంచీ పేర్లు నేర్చుకున్నాం.

ఎందుకు వేసుకుంటారా? అది కూడా తెలియకుండా మింగుతున్నామా ఏం. చూడు, ఒక ఇంటికి కొత్తకోడలు వచ్చిందనుకో. పాపం పని చేద్దామనే వచ్చింది. కానీ అత్తగారు ఊరుకుంటుందా? ఎవతిది, మన రక్తం కాదు, మన తీరు కాదు అని పొద్దస్తమానం పీక్కుతింటుంది. కిడ్నీ ఆ కోడలు. నా ఒళ్లు అత్తగారు. ఈ మాత్రలు అత్తగారి నోరు నొక్కి పెట్టడానికి. పూటపూటా నొక్కుతూనే ఉండాలి. వదిలితే నోరు లేస్తుంది. చివరికి మా వదినకి నేను అత్తగారినయ్యాను, చూశావా? దేవుడున్నాడు.

ఇది రాయవా? దీనికి గడి లేదా? అయ్యో. "శరీరము నూతన మూత్రపిండమును తిరస్కరించకుండా" అని రాసుకో అయితే. అది కూడా వచ్చు నాకు, పొల్లు పోకుండా వచ్చు.

ఇబ్బందులా? మొహం ఉబ్బింది. అద్దంలో చూసుకుంటే నా బదులు మా పిన్ని కనబడేది. షుగరొచ్చింది. చేతులు వణికేవి. అదే నా ప్రాణం తీసింది. నాది బట్టలు సరిచేసే కొట్టు. ఓ మేడ మెట్ల కింద, మిషనూ నేనూ పట్టేంత జాగా. ప్యాంటు పొడుగు తగ్గించమనీ, జిప్పు మార్చమనీ, నడుం వదులు చెయ్యమనీ వస్తారు. ఆపరేషనయ్యాక కొట్టు తెరిస్తే సూదిలోకి దారం ఎక్కదు. సూది ఒకచోట, దారం ఒకచోట, నా చెయ్యి ఇంకోచోట. మా ఆయన పనికెళ్లే ముందు సూదులన్నిటికీ దారాలెక్కించి, రంగురంగులవి, దిండుకి గుచ్చి పెట్టి వెళ్లేవాడు. తాగిన గ్లాసు తీసి పక్కన పెట్టడం ఎరగని మనిషి.

ఇప్పుడు తగ్గిందిలే. ఈమధ్య నా దారం నేనే ఎక్కించుకుంటున్నాను. మందు తగ్గించారు కదా, అదొక్కటి మంచే జరిగింది. ఆ, చేతుల వణుకు దగ్గర టిక్కు పెట్టు.

తినకూడనివి. నొప్పి బిళ్లలు సొంత పెత్తనంతో వేసుకోకూడదు. ఎవరో చెప్పారని ఆకులూ పసర్లూ తాగకూడదు. గ్రేప్‌ఫ్రూట్ తినకూడదు. ఆ పండు నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. మేస్త్రి అది నిమ్మకి పెద్దన్నంటాడు, ఇంకొకావిడ ద్రాక్షలో రకమంటుంది. ఏదైతేనేం, కనబడితే పారిపోదామని బెంచీ మీద అందరం అనుకున్నాం.

బెంచీ మీద ఎందుకనుకున్నామంటావా? ఏదో, మాటల్లో మాట. కాలక్షేపం. తర్వాతది అడుగు నువ్వు.

మాత్ర వేళకి గుర్తుండడానికి ఏం చేస్తారా? అలారమా, డబ్బానా, కుటుంబ సభ్యులా? నాకు వదిన ఉందమ్మా. అలారమైతే నోరు నొక్కచ్చు.

ఆవిడ బస్సు డిపోలో టైమ్‌కీపరుగా చేసి రిటైరైంది. చేతికి గడియారం, నోట్లో విజిలు. ఆవిడ విజిలేస్తే డ్రైవరు తాగుతున్న టీ పారబోసి బండెక్కేవాడట. ఇప్పుడు బస్సుల్లేవు, నేనున్నాను. మా పక్క వీధిలోనే ఉంటుంది, ఒక్కతే. పొద్దున ఎనిమిదయ్యేసరికి ఫోను. హలో లేదు, బాగున్నావా లేదు. వేసుకున్నావా? వేసుకున్నాను. టక్కున పెట్టేస్తుంది. రాత్రి ఎనిమిదికి మళ్లీ. పండగ లేదు, పబ్బం లేదు, వానా వరదా లేదు. ఓసారి స్నానాల గదిలో ఉండి ఎత్తలేదని ఇంటికొచ్చి తలుపు విరగ్గొట్టినంత పని చేసింది. మా ఆయన గుమ్మంలో నిలబడి, "అక్కా, బతికే ఉంది" అని నచ్చజెప్పాల్సి వచ్చింది.

డాక్టరు గదికి తప్ప రాని మనిషి, ఇవాళ ఫోను మాని పొద్దున్నే తనే దిగింది. ఎగ్గొడుతున్నానని అనుమానం కదా మరి. రక్తమిచ్చే లైనులో నా వెనకే నిలబడింది. నా టోకెను ఇంకా ఎక్కడో ఉంది. ఎనిమిదయ్యేసరికి సంచిలోంచి మాత్ర తీసి నా అరచేతిలో పెట్టింది. సీసా మూత తీసి ఇచ్చింది. "నా కళ్లముందు మింగు" అంది. లైనంతా చూస్తోంది. మింగాను. నోరు తెరవమంది, తెరిచాను. నాలుక ఎత్తమంది, ఎత్తాను. మా వెనకున్నాయన కూడా మెడ సాచి తొంగి చూశాడు.

నవ్వొస్తోంది కదా? నాకూ వచ్చేది, ఆ నోరు ఇంకొకరిదైతే.

ఏం రాశావ్? "కుటుంబ సభ్యుల సహకారం కలదు." సహకారమట. రాయి, రాయి. ఆ గడిలో అంతకన్నా పట్టదు.

మాత్ర మర్చిపోతే? గుర్తొచ్చాక వేసుకోవాలి, మరీ తర్వాతి వేళ దగ్గరపడితే వదిలెయ్యాలి, రెండూ కలిపి మింగకూడదు. వాంతైతే? ఫోన్ చేసి అడగాలి. రక్తపరీక్ష రోజునా? "రక్తము ఇచ్చిన పిదప మాత్రమే ఉదయపు మాత్ర తీసుకొనవలెను."

రైటే కదా? పెట్టు టిక్కు. అయిపోయాయా? ఎన్నొచ్చాయి?

అన్నీనా? ఒక్కటి కూడా పోలేదా? మా లెక్కల మాస్టారు బతికుంటే పిలిచి చూపించేదాన్ని. ఏడో తరగతి పరీక్ష రోజు గోడ దూకి పారిపోయానని ఊరంతా చాటించాడు మహానుభావుడు.

ఏమంటున్నావ్, ఇవాళ మొదటాయన తప్ప అందరికీ మంచి మార్కులే వచ్చాయా? ఇంత తెలిసిన పేషెంట్లని నువ్వెక్కడా చూడలేదా? ఆహా. మీటింగులో తెర మీద చూపిస్తావా? పెద్ద డాక్టర్లంతా చప్పట్లు కొడతారా? కొట్టనీ, పాపం, వాళ్ల చేతులకీ కాస్త పని.

ఆ రక్తం ప్రశ్న చాలామంది తప్పుతారంటావా? అలా ఎందుకు పెట్టారో తెలుసా అంటావా? ఎందుకో... అక్కడిదాకా మాకు పాఠం రాలేదు. నువ్వే చెప్పు.

ఊ.

ఊ. రాత్రి మింగిన మందు తెల్లారేసరికి ఎంత మిగిలిందో చూడాలి. దాన్ని బట్టి ఎంతివ్వాలో తేలుస్తారు. ఊ. మరి పొద్దుటి మాత్ర మింగేసి వచ్చి రక్తమిస్తే? అప్పుడే లోపలికెళ్లింది కూడా కలిసి ఎక్కువ కనబడుతుంది. నిజానికి అంత ఉండదు, కనబడుతుంది. అంటే, పీకలదాకా తినొచ్చినవాడి నడుం కొలిచినట్టు. ఆ కొలత పట్టుకుని కత్తెర వేస్తే...

ఎక్కువ కనబడితే డాక్టరు తగ్గిస్తాడు. తగ్గిస్తే అత్తగారి నోరు లేస్తుంది.

మంచినీళ్లున్నాయా అమ్మాయ్?

ఏం లేదు.  ఇంతసేపు వాగాను కదా.

ఆ కాగితం ఇలా ఇవ్వు. సంతకం పెట్టావా? స్టాంపు కూడా ఉంటే వెయ్యి. వస్తాను మరి. చూపించాలి ఆవిడకి. చూశావా వదినా, అన్నీ రైటే, నీ కిడ్నీకి నేనేం ద్రోహం చెయ్యలేదు అని. నోరు మూయించాలి. చుట్టాలందరికీ మళ్లీ ఫోన్లు చేయించాలి.

ఈ తలుపు బిగుసుకుపోయిందేం. ఇటు లాగాలా, అటు తొయ్యాలా?

వద్దులే.

కూర్చుంటాను. ఇంకొకర్ని పిలవకు, ఒక్క నిమిషం.

అమ్మాయ్, నీకు ఇందాకే చెప్పాను నేను. విన్నావా? లైనులో నిలబెట్టి మింగించిందని, నాలుకెత్తి చూపించానని, అన్నీ చెప్పాను. నువ్వు నవ్వావు. నవ్వి, సహకారం కలదని రాసుకున్నావు. నేను కూడా నిన్ను నవ్వించడానికే చెప్పాను. ఆ వెంటనే రక్తపరీక్ష రోజు ఎప్పుడు మింగాలని నువ్వడిగావు, నేను చెప్పాను, టిక్కు పెట్టావు. నీకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. ఎవరి పరీక్ష వాళ్లం పాసవడంలో ఉన్నాం.

అది నా జవాబు కాదమ్మా. బెంచీ జవాబు.

మేస్త్రి అన్నానే, అందరికన్నా ముందు నీ దగ్గరికొచ్చి పేర్లు తప్ప అన్నీ తప్పు చెప్పాడే, ఆయన. పాపం, నువ్వు ఓపిగ్గా కూర్చోబెట్టి అన్నిటికీ జవాబులు నేర్పి పంపించావు. బయటికొచ్చి మమ్మల్నందర్నీ చుట్టూ కూర్చోబెట్టుకుని ఆ ప్రశ్నలు, ఆ జవాబులు వరసగా అప్పజెప్పాడు. నీ మాటల్లోనే. తప్పితే, "ఇటుక వంకరగా పెట్టావ్, తీసి మళ్లీ పెట్టు" అంటాడు. గ్రేప్‌ఫ్రూట్ అంటే ఏమిటని మేం కొట్టుకుంటుంటే, పండు ఏదైనా జవాబు తినకూడదనే, అంతవరకు నేర్చుకోండి అన్నాడు. మంచి మాస్టారు. మార్కులొచ్చేలా చెప్తాడు. అందుకే నీకు ఇవాళ ఇంత తెలివైన పేషెంట్లు దొరికారు.

ఆ రక్తం జవాబు కూడా అలాగే బట్టీ పట్టాను. అప్పటికి నా మోచేతి దగ్గర సూది గుచ్చిన చోట దూది అంటుకునే ఉంది. వదిన అక్కడ లేదు. మందుల లైనులో ఎవడో ముందుకు దూరాడని దెబ్బలాడడానికి వెళ్లింది. రక్తం ఇచ్చాకే మింగవలెను, ఇచ్చాకే మింగవలెను అని అప్పజెబుతూ కూర్చున్నాను, మింగి ఇచ్చినదాన్ని. జవాబనుకున్నాను గానీ, అది నా సంగతేనని అనుకోలేదు.

మొదట్లో ఈ తంటా లేదు. ఏడింటికే రక్తం తీసేసేవారు. ఇచ్చి బయటికొస్తుండగా ఎనిమిదికి ఫోనొచ్చేది, అప్పుడు మింగేదాన్ని. తర్వాత రక్తం తియ్యడానికి కొత్త కౌంటరు కట్టారు. అద్దాలు, టోకెన్లు, ఏసీ. రక్తం తీసేసరికి తొమ్మిది దాటుతోంది. కౌంటరు వేళ మారింది, మా ఎనిమిది మారలేదు. ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఇంటికి పంపించే రోజున చెప్పారేమో. ఆ రోజు నా పేరు నాకే సరిగ్గా వినబడలేదు. వేళ తప్పకూడదన్నారు, అదొక్కటే బుర్రలో మిగిలింది. దాన్ని మా వదిన పట్టుకుంది. ఆవిడ పట్టుకుంటే ఉడుంపట్టు.

నా చెయ్యి వణకడం తగ్గిందని ఎంత మురిసిపోయానో తెలుసా? మా ఆయన దారాలు ఎక్కించబోతే, నాకు బాగైంది, పో అని కసిరాను. బాగవడం కాదన్నమాట అది. మందు చాలకపోవడం.

ఆ టిక్కు కొట్టెయ్. ఇంటూ పెట్టు. పెట్టు, నేను చూస్తుండగా.

పెట్టి, డాక్టరుగారి దగ్గరికి నువ్వే వెళ్లు. నేను చెబితే ఫైలు చూస్తాడు గానీ నన్ను చూడడు. ఇవాళ్టి రక్తం లెక్కలోకి తీసుకోవద్దని చెప్పు. రేపు మింగకుండా వచ్చి మళ్లీ ఇస్తాను. అది చూశాక మందు సంగతి తేల్చమను. సూది గుచ్చాలంటే అప్పుడు గుచ్చమను. ఇంకా మించిపోలేదు కదా?

తెలియదంటావా. సరే. నిజమే చెప్పావులే.

బెంచీ మీదవాళ్లని కూడా మళ్లీ పిలువు. ఆ కాగితం పక్కన పెట్టి పిలువు. ఇవాళ మాత్ర ఎప్పుడు మింగావు, రక్తం ఎప్పుడిచ్చావు, అంతే అడుగు. నేను చెప్పానని తెలిస్తే మేస్త్రి నన్ను గోడలో పెట్టి కట్టేస్తాడు. కట్టనీ.

ఇంకొక్కటి. బయట మా వదినకి ఏం చెప్తావు?

వద్దు. ఉన్నదున్నట్టు చెప్పకు.

ఆవిడ కిడ్నీ ఎలా ఇచ్చిందో నీకు తెలియదు. ఎవరూ బలవంతం చెయ్యలేదు కదా, ఎందుకిస్తున్నారు అని కిడ్నీ ఇవ్వడానికి అనుమతిచ్చే కమిటీవాళ్లు అడిగితే, "మా తమ్ముడికి వంట రాదు. ఈవిడ పోతే వాడు నా ఇంట్లో పడతాడు" అంది. వాళ్లు నవ్వుకుంటూ సంతకాలు పెట్టారు. నేనూ అదే నిజమనుకున్నాను. ఆపరేషనయ్యాక పుచ్చుకున్నవాళ్లకన్నా ఇచ్చినవాళ్లకే నొప్పి ఎక్కువట కదా? ఈవిడ మర్నాడే గోడ పట్టుకుని, వంగిపోయి, అడుగులో అడుగేసుకుంటూ నా గది దాకా వచ్చింది. లోపలికి రానివ్వలేదు. అద్దంలోంచి చూసి, "ఉచ్చ పోస్తోందా?" అని నర్సుని అడిగింది. పోస్తోంది అంటే అక్కడే గోడకి ఆనుకుని ఏడ్చిందట. నర్సు చెప్పింది నాకు. మా వదిన ఏడవడం ఆవిడ తమ్ముడు కూడా ఎరగడు.

అలాంటి మనిషితో, నీ చేత్తో ఇచ్చావు, నీ చేత్తోనే వేళ తప్పకుండా, నోరు తెరిపించి మరీ పాడుచేశావు అని చెప్తావా? ఇంతసేపూ ఆవిణ్ణి ఎన్ని మాటలన్నాను. ఇంటికెళ్లేదాకా ఇంకా అంటాను. ఈ ఒక్కమాట మాత్రం అనను.

కొత్త ఆర్డరొచ్చిందని చెప్పు. ఇవాళే వచ్చింది, రక్తమిచ్చే రోజు మాత్ర ఆ తర్వాతే, ఫోను కూడా ఆ తర్వాతే అని చెప్పు. ఆర్డరంటే వింటుంది. డిపోలో బస్సు వేళ మారితే ఎందుకు మారిందని అడిగేది కాదట, బోర్డు మార్చేసేదట.

మరి క్రియాటినిన్ ఎందుకు పెరిగిందని అడుగుతుంది. నా మీద పెట్టు. ఎగ్గొట్టిందట, ఒప్పుకుందట అని చెప్పు. తెలుసు, ఇందాకే ఒట్టు పెట్టాను. అయినా పెట్టు. ఆవిడ ఎలాగూ చుట్టాలందరికీ చెప్పేసింది, ఇప్పుడు కాదని చెప్పుకోవడం ఆవిడకి చేతకాదు. నాకు తిట్లు కొత్త కాదు.

ఎందుకంటావా? నిజం తెలిస్తే ఫోను మానేస్తుంది. మళ్లీ ఏం పాడుచేస్తానో అని భయపడి మానేస్తుంది. మా వదిన భయపడితే నేను చూడలేనమ్మా. హలో లేదు, బాగున్నావా లేదు, నిజమే. అయినా పూటపూటా నేను బతికున్నానో లేదో కనుక్కునేది ఆవిడే కదా? పక్కన పడుకున్న మనిషి కూడా అడగడు. ఆ ఎనిమిదింటి ఫోను లేకపోతే ఆవిడకి మాత్రం మాట్లాడ్డానికి ఎవరున్నారు?

ఆ కాగితం నాకివ్వు. ఇంటూ పెట్టిందే ఇవ్వు. చూపిస్తే సంతోషిస్తుంది. "నాకు ముందే తెలుసు" అంటుంది.

అదిగో, తలుపు కొడుతోంది. ఇంతసేపేమిటని. ఆగు, తియ్యకు. కళ్లు తుడుచుకోనీ. ఏడ్చానని తెలిస్తే వదలదు. ఏడవడం కిడ్నీకి మంచిదో కాదో డాక్టర్ని అడిగే ఏడ్చావా అంటుంది.